చిన్న టౌన్‌లో పార్కు తేవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు

పార్కు కావాలని మున్సిపల్ ఆఫీసుకు వచ్చేవాళ్లు చేతిలో ఫోన్ పట్టుకుని వస్తారు. అందులో సిద్దిపేట కోమటి చెరువు దగ్గర దిగిన ఫొటో ఉంటుంది, లేదంటే హైదరాబాద్‌లో ఏదో ఫౌంటెన్. "ఇట్లాంటిది మా కాలనీలో కావాలె సార్" అంటారు. నేను ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌గా ఉన్నన్నాళ్లూ ఆ ఫొటో చూసినట్టే చూసి రెండు సంగతులు అడిగేవాణ్ణి. లేఅవుట్ కాపీ ఉందా? నీళ్లు ఎక్కడివి? ఈ రెండింటికీ జవాబు లేకుండా మొదలైన పార్కులు రిబ్బన్ కత్తిరించిన మూడో ఎండాకాలానికి ఎట్లా ఉంటాయో మీ ఊళ్లోనే చూడొచ్చు. గేటుకు తాళం, లోపల సర్కారు తుమ్మ, విరిగిన ఉయ్యాల.

ఇప్పుడు రిటైరై కాలనీ అసోసియేషన్లకు, కొత్త కౌన్సిలర్లకు ఊరికే సలహాలు చెప్తున్నాను. ఇక్కడ రాసేది తెలంగాణలో లక్ష లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీల సంగతి. ఆంధ్రలోనూ దారి దాదాపు ఇదే, కాకపోతే అక్కడ ముందు వార్డు సచివాలయంలోని ప్లానింగ్, అమెనిటీస్ సెక్రటరీలను కలవాలి.

ముందు జాగా కాగితం

మీది అనుమతి ఉన్న లేఅవుట్ అయితే అందులో 10 శాతం స్థలం పార్కుకు, ఆటలకు వదిలి ఉండాలి. ఐదెకరాల లేఅవుట్‌లో అర ఎకరం, అంటే 20 గుంటలు, 2,420 గజాలు. ఆ జాగా గిఫ్ట్ డీడ్‌తో మున్సిపాలిటీ పేరున రిజిస్టర్ అయి ఉండాలి. రియల్టర్ నోటిమాటగా వదిలిపెట్టిన జాగాకు, ప్లాను మీద పచ్చరంగు వేసిన జాగాకు రేపు దిక్కుండదు. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు వెళ్లి ఎల్పీ నంబర్ (లేఅవుట్ అనుమతి నంబరు) ఉన్న అప్రూవ్డ్ ప్లాను, గిఫ్ట్ డీడ్ నకళ్లు అడగండి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం తీయండి. పార్కు జాగాను ప్లాటు నంబర్ వేసి ఎవరికైనా అమ్మేశారేమో ఈసీలోనే బయటపడుతుంది.

"ఫైలు దొరుకుతలేదు" అంటే గొడవ పెట్టుకోవద్దు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు చెప్పాలి. బీరువాలో లేని ఫైలు అప్పుడు ఎవరి టేబుల్ కిందనుంచో వస్తుంది. నేను ఆ టేబుళ్ల మధ్యే పనిచేశాను కాబట్టి చెప్తున్నాను.

కొత్త లేఅవుట్ అయితే మీకు ఇంకో పట్టు ఉంటుంది. రోడ్లు, డ్రైన్లు, పార్కు, వీధి చెట్లు పూర్తిచేసేదాకా ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం మున్సిపాలిటీకి మార్టిగేజ్‌లో, అంటే తాకట్టులో ఉంటుంది. ఫైనల్ లేఅవుట్ చేతికొచ్చి మార్టిగేజ్ విడుదలయ్యేదాకా రియల్టర్ మీ మాట వింటాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడు. కాంపౌండ్ వాల్, బోరు, కరెంటు మీటరు ఈలోపే పెట్టించుకోండి. అవి లేకుండా ఫైనల్ ఇవ్వొద్దని కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

అనుమతి లేని లేఅవుట్లలో ఎల్‌ఆర్‌ఎస్ (ప్లాట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద ఖాళీ స్థలం బాపతు ప్లాటు విలువలో 14 శాతం చార్జీ కట్టించుకుంటారు. కట్టినవాళ్లు "మరి మా పార్కేది?" అని అడుగుతారు. అడగడంలో తప్పులేదు గానీ, అక్కడ జాగానే లేదు. వాళ్లకు చెరువు కట్టో, సర్కారు బీడో చూసి తహసీల్దార్ దగ్గరికి పోవడమే దారి.

కాగితం దొరికాక సర్వేయర్‌ను పిలిచి హద్దు రాళ్లు పాతించండి. ఆ రోజు కాలనీవాళ్లు పదిమందైనా నిలబడాలి. నాలుగు పక్కలా టేపు పడితే చాలదు, మూల నుంచి మూలకు కూడా పట్టాలి. పక్కల కొలతలన్నీ ప్లానుతో సరిపోయి మూల కొలత మాత్రం తేడా వచ్చిన జాగా ఒకటి చూశాను. ఒక హద్దు మొత్తం పక్కకు జరిగింది, పొరుగింటి సెప్టిక్ ట్యాంకు పార్కు మట్టిలో ఉంది. రాళ్లు పాతిన వారంలోపే జాలీ కంచె, "మున్సిపల్ పార్కు స్థలం" అన్న బోర్డు, దాని మీద సర్వే నంబరు, విస్తీర్ణం. మొక్కల సంగతి తర్వాత.

ఆక్రమణ అంటే దొంగతనంగా గోడ కట్టేవాళ్లే గుర్తొస్తారు. నిజానికి ఎక్కువ జాగా పోయేది మంచి పనుల పేరుతో. వాటర్ ట్యాంకు ఒక మూలన, కమ్యూనిటీ హాలు ఇంకో మూలన, ఈశాన్యాన చిన్న గుడి. ఎవరూ కాదనలేరు, మధ్యలో మిగిలింది పార్కు. ఇక్కడ మీకు సుప్రీంకోర్టు అండ ఉంది. బెంగళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే 1991లో కోర్టు చెల్లదంది. 2009 సెప్టెంబర్ 29న ఇచ్చిన ఆదేశంలో రోడ్ల మీద, పార్కుల్లో ఏ మతం పేరుతోనూ అనుమతి లేని కొత్త కట్టడాలు రాకూడదంది. ఈ రెండింటి కాపీలు అసోసియేషన్ ఫైల్లో పెట్టుకోండి. వాదనకు దిగాల్సిన పని లేదు. కాపీ ఒకటి కౌన్సిలర్ చేతికిస్తే, పై నుంచి ఒత్తిడి చేసేవాళ్లకు చెప్పుకోవడానికి ఆయనకూ ఒక సాకు దొరుకుతుంది.

నీళ్ల లెక్క

ఎస్టిమేట్ వేసేటప్పుడు అందరూ లాన్ అడుగుతారు. ఫొటోకు బాగుంటుంది. అర ఎకరం అంటే సుమారు 2,020 చదరపు మీటర్లు. అందులో మూడో వంతు లాన్ వేశారనుకోండి, 670 చదరపు మీటర్లు. ఎండాకాలంలో మీటరుకు రోజుకు ఐదు లీటర్లు వేసుకున్నా 3,350 లీటర్లు కావాలి. అదే పార్కులో 40 చిన్న చెట్లకు వారానికి రెండుసార్లు, చెట్టుకు 20 లీటర్ల చొప్పున పోస్తే వారానికి 1,600 లీటర్లు. చెట్లకు రెండు వారాలు వచ్చే నీళ్లను గడ్డి ఒక్కరోజులో తాగేస్తుంది. ఒక పార్కులో మాలి భార్య పైపు పట్టుకుని నన్ను అడిగింది: "సారూ, ఈ గడ్డికి పోసే నీళ్లు మా వాడకిస్తే మస్తు ఎల్లుతయి కదా." నేనేం చెప్పను? మార్చి నుంచి ఆ టౌన్‌లో మూడ్రోజులకోసారి నల్లా వస్తోంది.

కాబట్టి లాన్ కావాలంటే పిల్లలు ఆడుకునే ఒక్క తావులో వేయండి, అదీ గరిక. కార్పెట్ గ్రాస్ పెంచి దాని చుట్టూ "గడ్డి తొక్కరాదు" అని బోర్డు పెట్టేకంటే అసలు వేయకపోవడం నయం. మిగతా నేలంతా చెట్ల నీడ పడనిచ్చి, మట్టిని మట్టిగానే వదిలేయండి.

బోరు ఏప్రిల్, మే నెలల్లో పరీక్షించాలి. అక్టోబర్‌లో ఏ బోరైనా పోస్తుంది. పార్కు పల్లం వైపు ఇంకుడు గుంత తవ్వి, రోడ్డు మీది వాననీళ్లు వడకట్టుకుని అందులోకి వచ్చేలా చూడండి. డ్రిప్ పైపుల మీద నాకు నమ్మకం లేదు. ఉడుతలు కొరుకుతాయి, మిగిలినవి ఎవరో పీక్కుపోతారు. భూమిలో ఒక పైపు లైను వేసి, ముప్పై మీటర్లకో వాల్వు పెట్టి, రబ్బరు పైపు తగిలించుకుంటే ఒక్క మనిషి పార్కంతా తడపగలడు. కరెంటు మీటరు మొదటి రోజు నుంచే మున్సిపాలిటీ పేరున ఉండాలి. అసోసియేషన్ పేరున తీసుకుంటే, బిల్లు కట్టే ప్రెసిడెంట్ ఇల్లు మారిన నెల పార్కు ఎండిపోతుంది.

గీసేముందు

ఖాళీ జాగాను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. జనం అడ్డంగా ఎటు నడుస్తున్నారో కాలిబాట పడి ఉంటుంది. గేట్లు అక్కడే పెట్టాలి. ఆ దారిని గోడతో మూస్తే నెల తిరక్కుండా గోడకు కన్నం పడుతుంది.

వాకింగ్ ట్రాక్ అంచు వెంబడే పోవాలి. 20 గుంటల జాగా చతురస్రంగా ఉంటే ఒక్కో పక్క 45 మీటర్లు. గోడకు మీటరున్నర లోపలికి ట్రాక్ వేస్తే రౌండు 168 మీటర్లు, ఆరు రౌండ్లకు కిలోమీటరు. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ పోవాలంటే ఆరడుగుల వెడల్పు కావాలి. పేవర్ టైల్స్ వేస్తే బిల్లు పెద్దదవుతుంది కాబట్టి కాంట్రాక్టర్‌కు ఇష్టం. మోకాళ్ల నొప్పులవాళ్లకు మాత్రం రోలింగ్ చేసిన మొరం బాటే సుఖం. గోడకూ ట్రాక్‌కూ మధ్య మిగిలిన ఆ మీటరున్నరలో చెట్లు వేయండి.

జారుడుబల్ల చెట్టు నీడ పడేచోట ఉండాలి, చెట్టు ఎదిగేదాకా ఎఫ్‌ఆర్‌పీది (ఫైబర్ ప్లాస్టిక్‌ది) పెట్టండి. ఇనుప రేకుది ఏప్రిల్ సాయంత్రం నాలుగింటికి మీరే కూర్చుని చూడండి, చెప్పక్కర్లేదు. ఉయ్యాలలు పిల్లలు పరుగెత్తే దారికి దూరంగా, కింద ఇసుక. ఓపెన్ జిమ్ పెడితే పెట్టండి గానీ బోల్టులు బిగించే పని ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయించండి. బెంచీలకు వీపు ఆనించుకునే పలక ఉండాలి. పెద్దవాళ్లు వచ్చేది కూర్చోడానికే. లైట్లు ట్రాక్ మీద పడాలి. మధ్యలో ఒక్క ఎత్తైన స్తంభం వేసి చేతులు దులుపుకుంటే మూలలన్నీ చీకటి, ఏడు దాటాక ఆడవాళ్లు రారు. టాయిలెట్ కడితే శుభ్రం చేసే మనిషిని కూడా ఎస్టిమేట్‌లోనే చూపించాలి, లేదంటే కట్టకండి. తాళం వేసిన టాయిలెట్ వెనక గోడే టాయిలెట్ అవుతుంది.

బొమ్మల సంగతి అభిరుచిది. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో చేసే బొమ్మలు నాకు ఇష్టం. సిమెంటు జింకలు రెండేళ్లకు చెవులు పోయి కుక్కల్లా కనిపిస్తాయి.

ఏ చెట్టు, ఎప్పుడు

నర్సరీవాళ్లు త్వరగా పెరిగేదే చూపిస్తారు. కొనకార్పస్ అట్లాగే ఊళ్లన్నీ నిండింది. ఇప్పుడు వద్దంటున్నారు. విశాఖలో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకు చెట్లు కూలాక ఏడాకుల పాల విరివిగా నాటారు. పూతకొచ్చిన కాలంలో ఆ ఘాటుకు తలనొప్పి, ఉబ్బసం అని జనం మొత్తుకున్నారు. కాలనీ పార్కుకు కానుగ, వేప, పొగడ, నేరేడు, రేల చాలు. నేరేడును ట్రాక్ మీదికి వంగేలా వేయకండి, పళ్లకాలంలో జారిపడతారు. తురాయి అందంగానే ఉంటుంది గానీ గాలివానకు కొమ్మ విరుగుతుంది, బెంచీలకు దూరంగా వేయండి. రావి, మర్రి చిన్న పార్కుకు వద్దు. పదేళ్లకు గోడను లేపేస్తాయి, కొట్టబోతే ఎవరూ ఒప్పుకోరు. పైగా ఏ చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనే గుంతలు తీయించండి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. ఎండకు పురుగు చస్తుంది. మృగశిర వానకు పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపిన మట్టితో నింపి, ఆరుద్రలో నాటాలి. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయని మనవాళ్లు ఊరికే అనలేదు. మొక్క ఐదారడుగులకు తక్కువ వద్దు. జానెడు మొక్కలు వేలల్లో నాటి ఫొటో దిగే కార్యక్రమాలు వేరే.

నాటాక కర్రకు కట్టే తాడు గోనెదో జనపదో అయి ఉండాలి, వదులుగా ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. ఒక పార్కులో ఐదేళ్ల కానుగకు కట్టిన జీఐ (ఇనుప) తీగ బెరడులోకి దిగిపోయి కనిపించింది. పైన కాండం ఉబ్బి, కింద సన్నగా, మధ్యలో బెల్టు బిగించినట్టు గాడి. పట్టకారుతో తీగ లాగితే సగమే వచ్చింది. తర్వాతి గాలివానకు సరిగ్గా అక్కడే విరిగింది. ట్రీ గార్డులు కూడా అంతే, మూడో ఏడు తీసేయాలి. తీసినవి కొత్త మొక్కలకు పనికొస్తాయి, స్టోర్ రిజిస్టర్‌లో రాయించండి.

త్రికోణం ముక్కలు, నాలా పక్క సన్నటి పట్టీలు ఉంటే వాటిని పార్కు చేయాలని చూడకండి. 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి మొదలయ్యాక వచ్చిన ప్రకృతి వనాల పద్ధతిలో దగ్గరదగ్గరగా రకరకాల మొక్కలు వేసి కంచె కట్టండి. రెండు మూడేళ్లు నీళ్లు పోస్తే తర్వాత వాటంతటవే పెరుగుతాయి. రాలిన ఆకు తగలబెట్టనివ్వొద్దు. ఒక మూల రెండు గుంతలు, ఒకటి నిండుతుంటే ఇంకోటి మాగుతుంది. ఎరువు కొనే ఖర్చు తప్పుతుంది.

మనిషి

పార్కును నిలబెట్టేది మాలి. ఒక జంటకు గేటు పక్కన గది, బాత్రూం కట్టిచ్చి కాపలా, నీళ్లు, ఊడ్పు అప్పగించిన పార్కులే బాగుండటం నేను చూసింది. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా అయితే జీతం నెలనెలా పడుతోందా, పీఎఫ్, ఈఎస్‌ఐ కడుతున్నారా అని అసోసియేషన్ అడగాలి. మూడు నెలలు జీతం రాని మాలి మొక్కకు నీళ్లు పోయడం లేదని కోప్పడే హక్కు మనకు లేదు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న మహిళా సంఘాలకు అప్పగించడం ఇంకో పద్ధతి. డబ్బు సంఘం ఖాతాకే పోతుంది, ఒకామె రాకపోతే ఇంకొకామె వస్తుంది.

అసోసియేషనే దత్తత తీసుకుంటామంటే మంచిదే. అయితే ఒప్పందం ఏడాదికే ఉండాలి, పనిచూసి రెన్యువల్ చేయాలి. పెళ్లిళ్లకు అద్దెకివ్వబోమని, టికెట్ పెట్టబోమని, కాలనీ బయటివాళ్లను ఆపబోమని అందులో రాయించండి. పక్క బస్తీ పిల్లలను గేటు దగ్గర ఆపిన పార్కులు చూశాను. అది సర్కారు జాగా, వాళ్లదీ. చెరువు మీద బోట్లు, రైడ్లు ఉన్న పెద్ద పార్కుకు టికెట్ పెట్టుకోనీయండి, ఖర్చుంటుంది. వీధి పార్కుకు టికెట్ ఏమిటి?

తెరిచే వేళలు పొద్దున ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర అని మామూలుగా పెడతారు. నన్నడిగితే మధ్యాహ్నం కూడా తెరవాలి. ఆటో డ్రైవర్లు, చుట్టుపక్కల పనివాళ్లు అన్నం తినేందుకు కాస్త నీడ దొరుకుతుంది.

డబ్బు

ఇది ఆఖరున పెట్టాను, ఎందుకంటే కట్టడానికి డబ్బు ఎట్లాగో వస్తుంది. 2015 జూన్ 25న మొదలైన కేంద్రం అమృత్ పథకంలో పార్కులకు 2.5 శాతం దాకా పెట్టుకోవచ్చన్నారు గానీ తెలంగాణలో 12 నగరాలే అందులో ఉండేవి, చిన్న టౌన్లకు అప్పుడు ఆ దారి లేకపోయింది. ఎమ్మెల్యే నిధులు, ఏటా ఐదు కోట్లుండే ఎంపీ లాడ్స్ (ఎంపీ నిధులు), మున్సిపల్ జనరల్ ఫండ్, ఏదైనా ఫ్యాక్టరీ దగ్గరుంటే సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు). వీటన్నిటికీ శిలాఫలకం ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు ముందుకొస్తారు. నెలకు మాలి జీతం, కరెంటు బిల్లు, మోటారు రిపేరు వీటికి శిలాఫలకం లేదు.

అక్కడ మీకు పనికొచ్చేది తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని అందులో ఉంది, దీన్నే గ్రీన్ బడ్జెట్ అంటారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత వార్డు సభ్యుడి మీద కూడా పెట్టింది. వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది: యువకులు, మహిళలు, పెద్దలు, ప్రముఖులు. ఈ కమిటీలు చాలాచోట్ల పేరుకే ఉన్నాయి. మీరే వెళ్లి మీ వార్డు జాబితా తీసుకుని, ఆ సభ్యుల సంతకాలతో అర్జీ పెట్టండి. గ్రీన్ బడ్జెట్‌లో మా పార్కు మెయింటెనెన్స్‌కు ఏడాదికి ఎంత అని ఒకే ప్రశ్న. నాటే మొక్కలు, ట్యాంకర్ల డీజిల్ అని మొత్తం ఒకేచోట రాసి చూపిస్తారు, పార్కు పేరున విడి పద్దు అడగండి.

పని ఎస్టిమేట్‌లోనే రెండు మూడేళ్ల మెయింటెనెన్స్ ఒక ఐటెంగా పెట్టమని ఏఈని అడగండి. మొక్కల బిల్లు ఒకేసారి ఇవ్వకుండా, నాటినప్పుడు కొంత, ఏడాదికి బతికినవి లెక్కపెట్టి కొంత ఇచ్చేలా టెండర్ షరతు పెట్టించొచ్చు. కాంట్రాక్టర్ గొణుగుతాడు, చేస్తాడు. ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) రాసే రోజు మీ మనిషి ఒకరు టేపు రెండో కొస పట్టుకుని నిలబడితే చాలు, ఎవర్నీ అనుమానించినట్టు ఉండదు, మొక్కల లెక్కలో తేడా కూడా రాదు.

కొత్త బడ్జెట్ ఏప్రిల్ 1 నుంచి నడుస్తుంది. అంకెలు మాత్రం ఫిబ్రవరిలోనే అకౌంట్స్ సెక్షన్‌లో కుదిరిపోతాయి. మార్చిలో కౌన్సిల్ మీటింగ్‌కు బ్యానర్ పట్టుకుని వస్తే "వచ్చే ఏడు చూద్దాం" అంటారు. సంక్రాంతి వెళ్లిన వారంలో అర్జీ ఇన్‌వర్డ్‌లో వేసి నంబర్ రాయించుకోండి. దానికి లేఅవుట్ కాపీ, పోయినేడు కరెంటు బిల్లులు, మాలి జీతం లెక్క జతచేయండి. కౌన్సిలర్‌కు ఒక కాపీ, ఏఈకి ఒకటి, అకౌంట్స్ సెక్షన్‌లో ఫైలు చూసే సీనియర్ అసిస్టెంట్‌కు ఇంకోటి. ఆ మూడోది మర్చిపోకండి.